ఊరికే

ధర్మసాగర్ దాటి కొంత దూరం పోతే
గుమ్మంల చెప్పులిడిసినట్టు
తారు రోడ్డు ఆగిపోతది.
ఆడికెంచి అంతా మొరమే,
ఎర్రగ, పొడిగ, పండ్ల సందుల కరకర.

వైశాఖం. పొద్దున ఆరున్నరకే
ఇనుపరాతి గుట్టలకు కాలిన పెనం వాసన.
మోదుగలు పూలు రాల్చి నెల దాటింది.
సోమిడి కాడ కాలువల ఇన్ని నీళ్లు చూసిన, అంతే,
మళ్ల తడి అన్నది నా సీసాల తప్ప యాడా లేదు.

ఈ సైకిలు మొదట నాది కాదు.
నిట్‌ల చదువు ఒడిసిన పిల్లగాడు
రైలెక్కే ముందురోజు ఆరువేలకిచ్చి పోయిండు.
హ్యాండిల్ కింద మొలతోటి ‘శ్రా’ అని గీకి ఆపిండు.
శ్రావణో, శ్రావ్యో. నేను చెరపలే.

వారమంతా కాజీపేట షెడ్డుల
గుంతల నిలబడి ఇంజను చక్రాలు చూస్త.
అంచు ఎంత అరిగిందో గేజీ పెట్టి
మిల్లీమీటర్లల్ల రాసుడు నా కొలువు.
ఆ చక్రానికి ఒక సుఖమున్నది:
ఎటు పోవాల్నో అది అనుకునే పని లేదు,
పట్టా అనుకుంటది.

దీనికి ఆ సుఖం లేదు.
ప్రతి గులకరాయి కాడా ఆగి అడుగుతది,
ఎడమకా, కుడికా, మీదికెంచా?
మొదటి ఆదివారం బ్రేకు గట్టిగ పిసికి పడ్డ.
నా మోచేతి తోలు ఇంకా ఇక్కడే
ఏదో రాయి దగ్గర ఉన్నది.
పడ్డంక తెలిసింది,
రాయిని చూస్తే రాయి మీదికే పోతవు.
చూడాల్సింది దాని పక్కనున్న జాగను.

మలుపు కాడ తునికాకు మూటతోటి ఒకామె.
“ఏ ఊరికి పోతున్నవు సారూ?”
“ఊరికే.”
“గదే, ఏ ఊరికి?”
“ఊరికేనమ్మా... ఉట్టిగనే.”

మూట దించి సైకిలు చుట్టూ తిరిగింది.
“ఎనక సీటు లేదు. బుట్ట లేదు. స్టాండు సుత లేదు.
మరి ఇదేం సైకిలు?”
నా దగ్గర జవాబు లేదు.
“ఉట్టిగ పోయేటోనివే గద,
నిన్నటి కట్టలివి, కల్లం కాడ దించిపో.
ఎండెక్కకముందు నేను ఆకు తెంపుకోవాలె.
ఓదమ్మయి అని చెప్పు, రాసుకుంటడు.”

పాత ట్యూబుతోటి మూటను వీపుకు కట్టుకున్న.
దిగుడు మొదలైంది.
పిడికిళ్లు వదులు, మోకాళ్లు వదులు,
గొర్రెల గిట్టలు, ట్రాక్టరు పండ్లు, ఏదుపంది ముల్లు
అన్నీ కిందికెంచి జారిపోతున్నయి.
బరువుకు సైకిలు ఇంకా ఉషారు.
ఒక్క గుండు మీద రెండు చక్రాలూ గాలిల లేసినయి,
కేక పెట్టిన. యాభై ఒక్కేండ్ల మనిషిని,
ఎవలూ లేరని కేక పెట్టిన.

కల్లేదారు లెక్క పెట్టిండు. “నూట ముప్పై ఎనిమిది.”

మళ్ల ఎక్కుడు. అన్నిటికన్న చిన్న గేరు,
నాలుక పిడచ కట్టింది.
తునికి కొమ్మల నడుమ ఆమె ఎనకకు తిరగకుండనే అడిగింది,
“ఎన్ని రాసిండు?”
చెప్పిన.
“రెండు తక్కువ రాసిండు. దొంగ కొడుకు.”

నేను ఏమనలే.
నాకు ఆ గుండు యాదికొచ్చింది,
రెండు చక్రాలూ లేసిన జాగ,
నా కేక.

“లేదమ్మా,” అన్న, “నేనే పడేసిన కావచ్చు.”
ఆమె అప్పుడు తిరిగి చూసింది.
తిట్టలే. తిడితే మంచిగుండు.
ఒక కట్టకు యాభై ఆకులు.
వంద సార్లు వంగుడు.

సైకిలు దిగిన.
వారమంతా అరుగుదల కొలిచేటోన్ని,
నా టైరు గీతను నేను ఎన్నడూ సదువలే.
ఇప్పుడు నడుస్తున్న దాని పొంటి, తల దించి,
ఈడ బ్రేకు కొట్టిన, ఈడ వంకర పోయిన,
ఈడ గీత లేదు,
బారెడు దూరం భూమికి నేను లేను.

అవతల గుండు సందుల ఒకటి దొరికింది,
దారం తెగలే.
ఎండ చూస్తే పదైనట్టున్నది,
సీసాల రెండు గుక్కలు.
రెండోదాని కోసం మళ్ల మొదటికెంచి.