పడుకోబెట్టిన సీసా

యానాంలో ఫ్రెంచి పింఛను తాతొకాయన
మా కాంపౌండరు బాబాయికి ఇచ్చాడు, ఒక ఎర్ర సీసా.
"చీకట్లో ఉంచు. పడుకోబెట్టు. కదపకు."

చల్లని నేలమాళిగ కావాలట.
ఇక్కడ మూరెడు తవ్వితే గోదారే ఊరుతుంది.

వంటింటి వెనక, ఊకబస్తాల మధ్య పక్క వేశాడు.
మే నెలంతా తడి గోనెపట్టా, పూటకోసారి.
కరెంటు పోతే విసినకర్ర ముందు దానికే.

"ఎండ తగలకూడదు, కదపకూడదు...
ఇవన్నీ నా ఆవకాయ జాడీకి చెప్పే మాటలే!" అంది వెంకాయమ్మ పిన్ని.
"జాడీ నిలబడే ఉంటుందిగా, దీనికేం నడుం నొప్పి?"
"బిరడా ఎండిపోతుందే," అన్నాడు గొంతు తగ్గించి,
అదెక్కడ లేస్తుందో అన్నట్టు.

రెండు తుఫాన్లకి అటకెక్కింది,
మా రేషన్ కార్డు కన్నా ముందు.

తొమ్మిదో ఏడు తీశాడు.
వాసన చూసి, చాలాసేపు గ్లాసులోకే చూశాడు.
పిన్ని నాలిక మీద చుక్క వేసుకుని
నానేసిన చింతపండు పక్కకి జరిపేసింది.

ఆ రాత్రి బొమ్మిడాయిల పులుసు
అందరం మారు వడ్డించుకుని తిన్నాం.
చెయ్యి కడుక్కున్నాక బాబాయి
జేబులోంచి బిరడా తీసి, వేలితో నొక్కి,
నాకు మాత్రమే చూపించాడు:
"చూడు, ఇంకా మెత్తగానే ఉంది."