కోసినోని పోగు

హాలియాల కొన్న కేకు
పెట్రోలు ట్యాంకు మీద తొమ్మిది కిలోమీటర్లు వచ్చింది.
ఒక్కో స్పీడు బ్రేకరు దాని మీద ఒక్కో సంతకం పెట్టింది.
డబ్బా తెరిచేసరికి
క్రీమంతా సాగర్ దిక్కుకు ఒరిగి ఉంది.
రిషిత పేరుల ఒక హెచ్ మరిచిపోయి
యాదికొచ్చినంక పైన ఇరికించిండు బేకరీ పిల్లగాడు
కరెంటు తీగ మీద కాకి లెక్క.

కొవ్వొత్తి ఊదింది. చప్పట్లు అయిపోయినయి.
ప్లాస్టిక్ కత్తితోని బిడ్డ ఒక్క గాటు పెట్టి
నాకింత, వాళ్ళమ్మకింత,
తమ్ముని ముక్కుకు ఇంకింత.

ఇగ ఇప్పుడు కోసేదెవరు?
మా వదిన స్టీలు గరిటె పట్టుకొని ముందటికి వచ్చింది.
పోయినేడు ఆమెనే కోసింది.
కోసిందనొద్దు, కలిపింది.
పేపరు ప్లేట్లల్ల పెరుగన్నం తీరు పంచినం.

"ఆగుండ్రి" అన్నడు మా చిన్నాయన మైసయ్య
గోడకు ఆనుకున్న వీపు తియ్యకుండనే.

ముప్పై ఏండ్లు
ఊర్ల ఏ యాట తెగినా పోగులేసింది ఆయననే.
మోదుగాకుల మీద
మెత్తది, బొక్క, బోటి, కార్జం ముక్క,
తరాజు లేదు, చూపే తరాజు.
నా పోగు చిన్నగున్నదని ఎవడన్న అంటే
మారుమాట లేకుండ తనది ఇచ్చి వానిది తీసుకునేటోడు.
రెండోసారి ఎవ్వడూ అనలేదు.

"ఎందరున్నరు?"
పిల్లలు పదిహేడు. పెద్దోళ్ళు పన్నెండు.
"బయట బండి మీద కూసున్న సలీం?"
ముప్పై.
"పోశవ్వకు షుగరున్నది గద బాపు?"
"వాసన చూసిందా లేదా? లెక్కల ఏసుకో."

ఉల్లిగడ్డల కత్తి తెస్తే వాసన చూసి వాపసిచ్చిండు.
టమాటల కత్తి తెచ్చినం.
చెంబుల వేడినీళ్ళు, ఒళ్ళె ఉతికిన తువ్వాల.

ముంచిండు. తుడిచిండు. దించిండు.
మీదికి ఎత్తలేదు,
అడుగు నుంచి తనవైపు గుంజుకున్నడు
నిద్రపోయే పిల్ల కింది నుంచి చెయ్యి తీసినట్టు.
మళ్ళ ముంచిండు.
చెంబుల నీళ్ళు గులాబి రంగైనయి.

ముందుగాల నడుమ ఒక గుండ్రం గీసి
బొడ్డు వేరు, చుట్టు వేరు చేసిండు.
చుట్టుకు పద్దెనిమిది, బొడ్డుకు పన్నెండు.
ఆయన కదల్లే, కేకే తిరిగింది
కింది అట్టను చూపుడువేలితో జరుపుతుంటే.
క్రీము ఒరిగిన దిక్కు సన్నం, ఉత్త రొట్టె దిక్కు వెడల్పు.
"గదేంది, ఒక్కతీరు లేవు?" అన్నది వదిన.
"కార్జం పడ్డ పోగుల బొక్క ఎక్కువుంటదా?"
గరిటె దించింది వదిన, పక్కన పెట్టలేదు.

అప్పుడు మొదలుపెట్టింది రిషిత.
"నా పేరు నాకే కావాలె! ఎవ్వరికియ్యొద్దు!"
కాలు నేలకు కొట్టింది. కొత్త గౌను మీద కన్నీళ్ళు.
నాకైతే ఏం చెప్పాల్నో తోచలేదు.
చిన్నాయన కత్తి తుడుసుకుంట
"నీ పేరు నువ్వెట్ల తింటవే?
నిన్ను పిలిచేటోళ్ళు తినాలె" అన్నడు.
అది ఏడుపు మధ్యల ఆలోచనల పడ్డది.
ఆ సందుల ఆర్ పోయింది, ఎస్ పోయింది,
కాకి హెచ్ సలీంకు పోయింది.
ఏ ఒక్కటి మాత్రం నేనే తింట అని లాక్కున్నది.
ఒక్క అక్షరం నడుమకు తెగలేదు.

ముప్పై ప్లేట్లు. ముప్పై ముక్కలు నిలబడే ఉన్నయి.
అట్ట కడిగినట్టున్నది.
తన నోరు ఆయన లెక్కల వేసుకోలేదని
నాకు అప్పుడు తట్టింది.
నా ప్లేటు ముందుకు పెడితే
"పోగులేసినోనిది కత్తికే ఉంటదిర" అని
మొద్దు దిక్కు బొటనవేలు పారిచ్చి
నాలిక మీద పెట్టుకొని
జరసేపు సప్పరిచ్చిండు.

"తీపి ఎక్కువేసిండు."

తెల్లారి చీమలొచ్చినయి వరుస కట్టి,
బండల మీద అటిటు తిరిగి
ఉత్తగనే పోయినయి.