పదకొండులో ఏడు

తార్తూలో జనవరి. తొమ్మిదైనా తెల్లవారదు.
ల్యాబ్‌లో నాకు వేరే సూర్యుడున్నాడు,
మైక్రోస్కోపు కింద,
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చని పళ్లెంలో.

ఐలి అండాలు పదకొండు.
చుట్టూ అంటుకున్న మబ్బుపొర ఒలిచి
ఒక్కొక్కదాన్నీ గాజుగొట్టం మొనతో దొర్లిస్తాను.
నేను వెతికేది అండాన్ని కాదు,
దాని అంచున ఒదిగిన చిన్న బుడగని.
సగం క్రోమోజోముల్ని మూటగట్టి
బయట పెట్టేసిన కొసరు.
అది కనబడితే లోపల ఇల్లు సర్దుకున్నట్టు.

ఏడింటికి ఉంది.
రెండింటికి లేదు, ఇంకా సర్దుకుంటున్నాయి.
మిగతా రెండూ నిద్రే లేవలేదు.
నడిమధ్య పెద్ద కన్నులా కేంద్రకం
నావైపే చూస్తోంది.

ఈ నిద్ర ఎప్పటిదో
ఐలికి ఎవరైనా చెప్పారో లేదో.
ఎనభై అయిదు వసంతంలో
ఆమె తల్లి హిల్యా, అయిదో నెల కడుపుతో
బూట్ల కోసం వరుసలో నిలబడ్డప్పటికే
కడుపులోని పాప లోపల ఈ గింజలున్నాయి.
క్రోమోజోముల్ని జతజతగా దారంతో కట్టి
పని సగంలో ఆపేసి ఉన్నాయి.
తర్వాత ఆ దేశం పోయింది,
ఆ రూబుళ్లు చెల్లకుండా పోయాయి,
బూట్లు ఎవరివో అయ్యాయి.
ముడి మాత్రం
విప్పే రోజు కోసం కాచుకునే ఉంది.
దారం కదా, నానుతుంది.
కదురు తిరిగే వేళకి
ఏ పోగు ఎటు జారిందో
ఎంత కళ్లు చికిలించినా నాకు ఆనదు.

మర్నాడు పొద్దున
వెనకబడ్డ రెండింట్లో ఒకటి కొసరు వేసింది.
నవ్వాను, ల్యాబ్‌లో ఒక్కదాన్నే.

ఏటా సెప్టెంబరులో, తొలిమంచు కాల్చేయకముందే
తోటలో పచ్చి టమాటాలు కోసుకొచ్చి
పాత పేపర్లలో చుట్టి మంచం కింద మాగబెడతాను.
ఎర్రబడతాయి. రంగుకేం తక్కువ?
తింటే తెలుస్తుంది.

అయినా అడిగాం. ఐలి, రైవో
ఇద్దరూ సంతకం పెట్టారు.
సూది దించాను.

అయిదో రోజుకి అదే అందగత్తె.
నిండుగా, గుండ్రంగా,
పొర చీల్చుకు రాబోతూ.
ఆ ఏడింటిలోంచి నిలిచినవి రెండే,
అందులో ఒకటి మరీ వంకర,
పెనం మీద మరిచిపోయిన రొట్టె.
మూడింటి నుంచీ నాలుగేసి కణాలు గిల్లి పంపించాం.

రెండు వారాలకి కాగితం వచ్చింది.
అందగత్తెకి పదహారోవి మూడు.
నిండుగా పండిన వాటిలో నున్ననిదానికి
ఇరవై రెండోది ఒకటే ఉంది, తోడు లేదు.
పండినంత మాత్రాన పురుగు పట్టదని ఎవరన్నారు.
వంకరదానికి
ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఫోన్లో ఐలి వెనక బస్సు చప్పుడు.
"ఎన్ని?"
"ఒకటి."
బస్సు రెండు స్టాపులు దాటింది.
"ఆలస్యంగా వచ్చిందే, అదేనా?"
"కాదు."
"పాపం," అంది.
నా చదువంతటిలో ఆ మాటకి
ఒక గడి లేదు, రాసుకోవడానికి.

మా నాన్న పీప్సీ సరస్సు మీదికి
చేపలకి వెళ్తూ చెప్పేవాడు:
తెల్లగా ఉందని నమ్మకు, తొలిచి కొలువు.
బెత్తెడు లేకపోతే వెనక్కి రా.
నేనూ కొలిచే పని చేసుకునే బతుకుతున్నాను.
కానీ నేను తొలిచే చోట
కొలిచేసరికే కాలు వేసేసి ఉంటాం.

మార్చిలో వేద్దాం అన్నాను, ఆ ఒక్కదాన్నీ.
అప్పటిదాకా అది చలిలో, కదలకుండా,
మళ్లీ ఒక నిద్ర.

సాయంత్రం వంతెన మీద ఆగాను.
కింద ఎమయొగి గడ్డకట్టి ఉంది.
మా భాషలో ఆ పేరుకి తల్లి ఏరు అని అర్థం.
ఎవరివో అడుగులు
ఒడ్డు నుంచి నడిమి దాకా వెళ్లాయి.
తిరిగొచ్చాయో లేదో
దీపాలు అంత దూరం పడటం లేదు.