ఆరియా

గుంతకల్లుకు సముద్రం లేదు.
ఉండేదంతా పట్టాలు,
ఎండకు తెల్లబారిన కంకర,
షెడ్డు ఎనక నూనె మరకల నేల.

అయినా మా నాయన ఎర్రిస్వామి నోట్లో
ఒక ఓడ మాట ఉండేది.

క్రేన్ కొక్కేనికి చక్రాల జత ఏలాడుతాంటే
కింద నిలబడి, అరచెయ్యి బోర్లా పెట్టి
"ఆరియా... ఆరియా..." అనేవాడు,
గంజి వార్చినంత నిమ్మళంగా.
ఎత్తాలంటే "హబీస్".
ఆపాలంటే పిడికిలి, అంతే.

యాడిది నాయనా ఆ మాట?
"మా టిండలు మహబూబ్ పీరా నేర్పినాడు."
ఆయనకెవరు నేర్పినారు?
"ఆయన టిండలు."
ఇట్ల ఒకరి భుజం మింద ఒకరెక్కి చూస్తే
ఆ కొసన ఎవడో పరదేశి
ఉప్పుగాలికి పగిలిన పెదాలతో
తెరచాప దించుతా అరుస్తాంటాడు.
తెరచాప పాయ. ఉప్పు పాయ.
మాటొకటే రైలెక్కి వచ్చి
మా క్వార్టర్లో చాప పరుచుకునింది.

దాన్ని మేము ఎట్ల పడితే అట్ల వాడినాము.
అమ్మకు కోపం నెత్తికెక్కితే, ఆరియా హనుమక్కా.
సంగటి ముద్ద గొంతులో నిలిస్తే, నీళ్లు తాగు, ఆరియా.
గుత్తి సంతలో టమేటా ఆరియా.
నేను పదో తరగతి లెక్కల్లో ఆరియా అయితే
లైనంతా ఆ మాటే చెప్పుకున్న్యారు.
పక్కింటి రోసమ్మత్త
నిద్రపోయిన పిల్లోన్ని ఉయ్యాల్లో ఏసేటప్పుడు
గుసగుసగా అనేది.
ఓడను ఆమె క్యాలెండర్లో చూసిందంతే.

రిటైరైన ఏడు నాయన
నాగసముద్రంలో రెండెకరాలు గుత్తకు పట్టె.
ఊరి పేర్లో సముద్రం, బోర్లో దుమ్ము.
శెనిక్కాయ ఇత్తనం పడి ఇరవై దినాలు.

ఒక సాయంత్రం మోడం పట్టింది,
బరువెత్తుకున్న క్రేన్ మాదిరి
నల్లగా, ఊగుతా.
నాయన గెనెం మింద నిలబడి
అరచెయ్యి బోర్లా పెట్టినాడు.
"ఆరియా..."
నవ్వులాటకేమో అనుకుంటి.
మొగం చూస్తే కాదు.
"ఆరియా... ఇంగ రవ్వంత... ఆరియా..."

పైన నడిపేటోనికి మా భాష రాదేమో,
మోడం ఉరవకొండ దిక్కు
జరుక్కుంటా జరుక్కుంటా పాయ.

నాయన పిడికిలి బిగించి పైకెత్తినాడు.
ఆపే సైగ.
ఆగేదేమీ లేకపోయినా
శానాసేపు అట్లే పట్టుకొని
గెనెం మింద కూలబడె.

కొట్టం కాణ్నుంచి అమ్మ కేకేసింది:
"హబీస్, హబీస్!
లెయ్యి, సంగటి సల్లారతాంది."