చలి తోటమాలులు

శనివారం పదింటికి
రైలు పట్టాల అవతల, తోటల సంఘం వాళ్ళ రేకుల గదిలో
మాకు మట్టి పాఠాలు.
ఏడుగురం. ఎనిమిది కుర్చీలు.
ఎనిమిదో దాంట్లో ఎరువు బస్తా కూర్చుంటుంది.

పంతులమ్మ పేరు బోగుమీవా.
ముప్పై ఏళ్ళు చక్కెర మిల్లు ప్రయోగశాలలో
దుంపల తీపి కొలిచిందట.
ఇప్పుడు మా గోళ్ళు చూసి హాజరు వేస్తుంది.
నల్లగా లేనివాళ్ళు ఆ వారం రానట్టే.

నేను పోజ్నాన్‌లో ట్రామ్ నడుపుతాను.
నాకున్న నేలంతా నాలుగో అంతస్తులో
దుప్పటి మడతంత బాల్కనీ.
హాల్ష్కాకి తన పళ్ళ ఆసుపత్రి వెనక ఇంత పెరడు.
విత్‌కి అత్తగారి తోటలో ఒక మూల, అదీ షరతుల మీద.
జెనోబియుష్‌కి ఏముందో ఎవరికీ తెలీదు.
ఆయన వచ్చేది మధ్యలో ఇచ్చే కాఫీ కోసమేనని
మా అనుమానం.

మార్చిలో టమాటా విత్తనాలు పంచింది, మనిషికి మూడు.
గుడ్డు పెంకుల్లో వేశాం,
ఏప్రిల్లో పెరుగు డబ్బాల్లోకి మార్చాం.
నారుకి పేర్లు పెట్టొద్దంది.
అందరం పెట్టాం.

ప్రతి వారం ఒకటే మాట:
మే పదిహేను వెళ్ళేదాకా టమాటా గడప దాటకూడదు.
పన్నెండున ఒకడు, పదమూడున ఒకడు, పద్నాలుగున ఒకడు
చలి తోటమాలులు ముగ్గురొస్తారు.
వాళ్ళ వెనకే చలి జోష్కా వచ్చి పావడా దులిపి పోతుంది.
"వాళ్ళూ మీ పంతుళ్ళే.
ఫీజు మాత్రం వాళ్ళే వసూలు చేసుకుంటారు."

కానీ ఆ ఏడు మే మొదటి వారం
ఎండ ఎంత మర్యాదగా వచ్చిందని!
ట్రామ్ తలుపు తెరిస్తే
లైలాక్ వాసన టికెట్ లేకుండా ఎక్కేది.
పిల్లలు కోట్లు నడుముకు కట్టుకుని తిరిగారు.
పదో తారీఖు రాత్రి
నా మూడింటినీ దొంగలా బాల్కనీలో పెట్టాను,
ఒక్క రాత్రికే అనుకుని.
రెండో రాత్రి అనుకోవడం కూడా మానేశాను.

పదమూడున తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ.
తీగల మీద మంచు.
ట్రామ్ నెత్తిన నీలి నిప్పురవ్వలు.
ఆ వెలుగులో గుర్తొచ్చింది బాల్కనీ.
పన్నెండు స్టాపులూ దానికి క్షమాపణ చెబుతూ నడిపాను.

శనివారం ఎవరూ ముందు పెదవి విప్పలేదు.
హాల్ష్కా తనవి పేపర్లో చుట్టి తెచ్చింది,
ఉడికిన పాలకూరలా.
విత్ అత్తగారిని అన్నాడు.
తెయోఫిలా పిల్లిని అంది.
అంతా విని బోగుమీవా
బల్ల కింద నుంచి తన కుండీ తీసి పైన పెట్టింది.
మూడు నల్లటి తాళ్ళు.
"తొమ్మిదో తారీఖు," అంది.
"ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ చెబుతున్నాను.
ఏం చెయ్యను, ఎండ ముద్దొచ్చింది."

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు.
నీరు పోశాం, ఎరువు పోశాం,
ముచ్చట్లు కూడా పోశాం.
ఓపిక ఒక్కటే ఎవరి చెంబులోనూ లేదు.

అప్పుడు జెనోబియుష్ దగ్గాడు.
బయటికెళ్ళి కారు వెనక అద్దం దగ్గర్నుంచి
ఏదో పట్టుకొచ్చాడు.
గ్యారేజీలో కారు, కారులో అది, నెల రోజులుగా.
ఎప్పుడైనా గుర్తొస్తే మిగిలిన టీ పోశాడట.
పొడుగ్గా, పాలిపోయి, మెడ వంచుకుని
పరీక్ష తప్పిన కుర్రాడిలా ఒక మొక్క.
ప్రాణంతో.
"మర్చిపోయానండీ," అన్నాడు సిగ్గుపడుతూ.

పంతులమ్మ చేతులు కడుక్కుని
ఆకుల చంకల్లోని పిలకల్ని గిల్లింది.
నాలుగు. పైకొనతో ఐదు.
నీళ్ళలో పెడితే వేళ్ళొస్తాయి, ఈ వారం పాఠం ఇదే అంది.
జెనోబియుష్ మోడు చాలన్నాడు.
తెయోఫిలా వద్దంది, పిల్లి తింటుందని.
మిగిలిన ఐదుగురం తలొకటి తీసుకున్నాం.
బోగుమీవాకి ఏం మిగల్లేదు. ఆమె అడగలేదు.
నాది ఇద్దామనుకున్నాను.
ఇవ్వలేదు.

దోసకాయ ఊరగాయ సీసా కడిగి
ట్రామ్‌లో నా సీటు పక్కన పెట్టుకున్నాను.
బ్రేకు వేసినప్పుడల్లా నీళ్ళు ముందుకొచ్చి
మళ్ళీ సర్దుకునేవి.
తొమ్మిదో రోజు, చివరి స్టాపు మలుపులో,
నూనూగు మీసంలా, తెల్లగా,
ఒక వేరు.

ఆ రాత్రి వెచ్చగా ఉంటుందన్నారు రేడియోలో.
రేపో మాపో జూన్.
అయినా
సీసాని లోపలే పెట్టాను.