పిండి బజ్జుంది

పదకొండు రోజుల సెలవు.
మొదటి మూడు రోజులూ నా కూతురు
నన్ను తలుపు చాటునుంచే చూసింది.
నాలుగో రోజు పొద్దున
మారిత్ ఆసుపత్రి డ్యూటీకి బూట్లు తొడుక్కుంటూ
"ఒకరినొకరు చూసుకుంటూ కూర్చోకుండా
ఏలకుల బన్నులు చెయ్యండి, ఇద్దరూ" అంది.

దాని పేరు హిల్యా.
మా భాషలో నిశ్శబ్దమని అర్థం.
మా అమ్మ పెట్టింది, ముందే ఏం తెలుసు పాపం.
రెండున్నరేళ్ళు. స్టూలెక్కితే
నా మోచేతి దాకా వస్తుంది.

కెమి రేవులో ఫిబ్రవరి.
కిటికీ అవతల సముద్రం రాయి.
ఆ రాయిని పగలగొట్టుకుంటూ పోయే ఓడలో
ఇంజను గది నాది.
అక్కడ మాటంటే కేకే.
ఇంట్లో ఉప్పందించమన్నా
గోడలు ఉలిక్కిపడతాయి.

గుడ్డు తనే కొడతానంది.
కొట్టింది. బల్లకి.
రెండోది కుక్క నాకేసింది.
మూడోది గిన్నెలోనే పడింది, సగం పెంకుతో సహా.
పెంకు ముక్కల కోసం నేను వేలితో వేటాడుతుంటే
అవి జారి జారి పోతుంటే
"చేప" అంది.
నిజమే, చేపలే.

చిన్న రాతి రోట్లో ఏలకుల గింజలు పోసి
రోకలి చేతికిచ్చాను.
రెండు దెబ్బలు ఏలకులకి,
ఒకటి రోలు అంచుకి,
ఒకటి నా బొటనవేలికి.
అరిచాను. ఓడలో అరిచినట్టే.

కింది పెదవి వంకర తిరిగింది.
అయిపోయింది, మళ్ళీ తలుపు చాటుకే అనుకున్నాను.
రోకలి పక్కన పెట్టి
పిండి చేతులతో నా వేలు పట్టుకుని
ఉఫ్ అంది.
కాసేపాగి, చాలలేదనుకుందేమో,
మళ్ళీ ఉఫ్.

పాలు, ఈస్టు, వెన్న, మైదా,
కాస్త కుక్క వెంట్రుకలు కూడా ఉండొచ్చు.
ముద్ద చేసి గుడ్డ కప్పి హీటరు పక్కన పెట్టాను.
"ఇంక గంటసేపు దీని జోలికి పోకూడదు."
"ఎందుకూ?"
"పెరగాలిగా."

ఆలోచించింది.
లోపలికెళ్ళి తన దుప్పటి ఈడ్చుకొచ్చింది.
గుడ్డ మీద దుప్పటి.
దుప్పటి మీద ఒంటిచెవి కుందేలు.
పెదవుల మీద వేలు.
"పిండి బజ్జుంది."

ఇక మా ఇంట్లో కుర్చీ జరపడానికి వీల్లేదు.
ఫోను మోగినందుకు నాకు చీవాట్లు.
దగ్గొస్తే బాల్కనీలోకి,
మైనస్ ఇరవైలోకి.
నేలమీద బోర్లా పడుకుని
దాని చెవిలో గుసగుసలాడాను, ఓడ గురించి,
మంచు విరిగేటప్పుడు పడకగది గోడ చేసే చప్పుడు గురించి.
అదీ నా చెవిలో ఏదో చాలాసేపు చెప్పింది.
ఇంజన్లు సగం తినేసిన చెవులు.
ఊపిరి తగిలింది గానీ మాట అందలేదు.
మళ్ళీ చెప్పమనలేదు, తలూపాను.
దేనికి ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలీదు.

దుప్పటి తీస్తే
ముద్ద గిన్నె అంచు దాటి ఉంది.
"అబ్బో, ఎంత పెద్దదైపోయిందో!" అంది.
అది నా మాట.
ఇంటికొచ్చిన ప్రతిసారీ గుమ్మంలో
దాన్ని చూసి నేననే మాట,
అచ్చం నా గొంతుతో.
నేను పొయ్యి వేడి చూసే నెపంతో
అటు తిరిగాను.

పద్నాలుగు ఉండలు.
ఒక్కోదాని నడుమ బొటనవేలు గుచ్చడం దాని పని.
ఆ గుంటలో వెన్న, పైన పంచదార.
పదమూడింటికే సరిపోయింది.
పద్నాలుగోదాని వాటా చెంపల మీద ఉంది.

పదకొండో రాత్రి మళ్ళీ ఓడ.
సంచిలో మారిత్ నాలుగు బన్నులు పెట్టింది,
ఫ్రీజర్లోంచి తీసి, కాగితంలో చుట్టి.
తెల్లవారుజామున టీ వేళకి ఒకటి విప్పాను.
వెన్న ఇంకిపోయిన చోట చిన్న గుంట.
గోరు ఇంకా నల్లగానే ఉన్న నా బొటనవేలు
అందులో పెట్టి చూశాను.
కొస కూడా పట్టలేదు.

కింద మంచు ఫెళఫెళమంటోంది.
"తింటావా, నన్ను తినమంటావా?"
అటునుంచి ఎస్కో కేకేశాడు.

పెదవుల మీద వేలు పెట్టాను.