పాత సామాను రసీదు

పెరంబూరు క్యారేజి వర్క్స్‌లో
ముప్పై నాలుగేళ్లు ఫిట్టర్ని.
అరిగిన బేరింగు ఎలా మూలుగుతుందో
షెడ్డు అవతల నిలబడి చెప్పేవాణ్ణి.
నా మోకాలు మూలిగినప్పుడు మాత్రం
వయసన్నాను, వాతమన్నాను,
మస్తానమ్మ కాచిన ఆముదం పట్టించాను.
ఓటేరి నుంచి స్టేషను
మూడు టీకొట్ల దూరం.
ఒక్కోచోటా కూలబడేవాణ్ణి,
టీ తాగాలని లేకపోయినా.

ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూపించాడు డాక్టరు.
తొడ ఎముకకీ కింది ఎముకకీ నడుమ
ఉండాల్సిన నల్లటి సందు
లేదు.
"క్లియరెన్సు జీరో" అన్నాను.
రాయడం ఆపి నా మొహం చూశాడు.
"ఏ షాపు మీది?"

ఆ తర్వాత మాటలు సులువయ్యాయి.
కోత చిన్నదేనట, బీడీకట్ట పొడవు, కొంచెం అటూ ఇటూగా.
కండ తెగ్గొయ్యరట,
తెర పక్కకి లాగినట్టు లాగి లోపలికి పోతారట.
పైన లోహం, కింద లోహం, మధ్యన ప్లాస్టిక్కు.
"టాలరెన్సెంత సార్?"
"మీరు తిట్టనంత."
మా ఫోర్‌మన్ ఏనాడూ
ఇంత మర్యాదగా మాట్లాడి ఎరగడు.

వెన్నులో సూది. నడుం కింద నేను లేను.
పచ్చగుడ్డకి అవతల
ముందు రంపం, తర్వాత సుత్తి.
ఆ సుత్తి నాకు తెలుసు.
బుష్ దిగేటప్పుడు
డొల్లగా పలికి, డొల్లగా పలికి,
కూర్చున్నాక ఖంగుమంటుంది.
మూడో దెబ్బకే ఖంగుమంది.
ఇంకొకటి వేశారు.
ఎవడో కొత్త కుర్రాడై ఉంటాడు.

మర్నాడు అడిగాను:
"నా పాత సామానేదీ?"
మా దగ్గర కొత్తది కావాలంటే
పాతది స్టోర్సుకి అప్పగించాలి,
చీటీ కట్టి, నంబరేసి, సంతకం పెట్టి.
అరవై ఆరేళ్లు నన్ను మోసిన ఎముక అది.
సైకిలు నేర్చుకున్న రోజు
నాకన్నా ముందు నేలను తాకింది.
పెళ్లిపీటల మీద, ఇంకా తెర దించకముందే,
మస్తానమ్మ మోకాలికి తగిలి
వెనక్కి జరగనని మొండికేసింది.

"పసుప్పచ్చ సంచిలో వెళ్లిపోయింది తాతా"
అంది నర్సు, సెలైను సరిచేస్తూ.
రసీదు లేదు.

ఆ సాయంత్రమే కయల్విళి అనే పిల్ల వచ్చి
వాకరిచ్చి నిలబెట్టింది.
రెండోనాడు మెట్ల పాఠం, తనకొచ్చిన తెలుగులో:
ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు,
దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు.
"నాకు మంచిదేదమ్మా?"
కొత్తది వాచి, కమిలి,
ఇంకా ఎవరిదో అన్నట్టుంది.
పాతది అరిగిందే గాని
చెప్పిన మాట వింటోంది.
కయల్విళి నోరు తెరిచి
మళ్లీ మూసుకుంది.

ఆరో వారం. చేతికర్రతో ఓటేరి రోడ్డు.
ఒక కొట్టు దాటాను.
రెండోదీ దాటాను.
మూడో కొట్టు దురైకన్ను
గరిటె పట్టుకునే బయటికొచ్చాడు:
"ఏం పెంచలయ్యా, మామీద కోపమా?"
సరేలే అని కూర్చున్నాను,
ఇన్నేళ్లకి టీ కోసమే.

లేస్తుంటే
ఎడమది మూలిగింది.
షెడ్డు అవతలికి వినపడేంత.